సున్నా అయిదు దగ్గర ఆగిన మిషన్

"ఏ నంబరు చూపించిందమ్మా అది?"

రేపల్లె పోలీస్ స్టేషన్లో బల్ల చివర కూర్చున్న రెహమాన్ నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే. బెయిలు గురించి అడగలేదు. తెనాలి నుంచి తొలి బస్సుకే వచ్చి బయట మెట్ల మీద కూర్చున్న భార్య మున్నీసా గురించీ అడగలేదు.

శ్రీవల్లి గడియారం చూసుకుంది. పదీ పది. ఇక్కడి మేజిస్ట్రేటు సెలవులో ఉన్నారు కాబట్టి సాయంత్రం నాలుగింటికి రెహమాన్‌ను జీపెక్కించి బాపట్ల కోర్టుకు తీసుకుపోతారు. అక్కడి నుంచి జైలుకు. గుండెకు స్టెంటు వేయించుకున్న అరవై నాలుగేళ్ళ మనిషి. ఆ జీపు కదలకుండా చూడమనే మున్నీసా ప్రైవేటు డిటెక్టివ్ శ్రీవల్లి గడప తొక్కింది.

"మీకెవరూ చెప్పలేదా బాబాయ్?"

"నువ్వు బాగుచేసిన వార్మరే బిడ్డను చంపిందన్నారు. నంబరు మాత్రం చెప్పలేదు."

జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పుకోవచ్చు. ఎనిమిది రోజుల కిందట, మంగళవారం మధ్యాహ్నం, డాక్టర్ వేంకటసుబ్రహ్మణ్యం నర్సింగ్ హోములో నెలలు నిండకుండా పుట్టిన మూడు రోజుల ఆడబిడ్డ చనిపోయింది. కిలోన్నర బిడ్డ. పైన రాడ్డు ఎర్రగా వెలిగి కింద పసిగుడ్డుకు వెచ్చదనమిచ్చే పాత వార్మరు కింద, తల్లి మంచం ఉన్న గదిలోనే పడుకోబెట్టారు. సాయంత్రం నాలుగూ నలభైకి చూసేసరికి ఊపిరి లేదు. పసిబిడ్డలను పొద్దుగూకేలోపే మట్టి చేయడం అలవాటు కాబట్టి ఆ సాయంత్రమే పెనుమూడి కరకట్ట అవతల పూడ్చారు. పోస్టుమార్టం లేదు. మూడో రోజున డాక్టర్ మాట మీద తండ్రి మార్కు ఫిర్యాదు ఇచ్చాడు. బిడ్డ పోవడానికి పది రోజుల ముందే ఆ మిషన్‌కు రాడ్డుకు కరెంటు ఇచ్చి ఆపే కొత్త రిలే వేసి వెళ్ళింది రెహమాన్. ఇక సాక్షి అంటూ మిగిలింది ఆ మిషనొక్కటే.

"సున్నా అయిదండి. ఫిర్యాదులో ఉంది," అన్నాడు ఎస్సై చిట్టిబాబు తన కుర్చీలోంచే.

రెహమాన్ మాత్రం తొందరపడలేదు. "నా పుస్తకం చూడకుండా చెప్పను. నంబరు దగ్గర ఊహ పనికిరాదు."

పుస్తకం మున్నీసా సంచిలో ఉంది. అట్ట ఊడిన రెండు వందల పేజీల నోటుబుక్కు. శ్రీవల్లి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇదెక్కడిది బాబాయ్? కంపెనీ వాళ్ళిచ్చిందా?"

"కంపెనీయే లేదమ్మా ఇప్పుడు. పాతికేళ్ళ నాటి సరుకు, చేతులు మారి మారి వచ్చింది. దాంతో కాగితం ముక్క రాలేదు. అందుకని నేనే దాన్ని చెడగొట్టుకున్నాను. ఒక తీగ పీకడం, స్విచ్ వేయడం, ఏ నంబరు చూపిస్తే అది రాసుకోవడం. ఆ తీగ పెట్టేసి ఇంకోటి పీకడం. నాలుగు రోజులు పట్టింది. కరెంటు రాగానే అది తన ఒళ్ళు తానే తడిమి చూసుకుంటుందమ్మా. అంతా బాగుంటే రెండు సున్నాలు చూపించి పని మొదలెడుతుంది. లేదంటే ఎక్కడ నొప్పో ఒక నంబరు చెప్పి అక్కడే ఆగిపోతుంది. తనకై తాను ముందుకు పోదు."

పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఆగాడు. వేలు పెట్టి చూపించాడే తప్ప చదవలేదు. శ్రీవల్లి చదివింది.

'05. అలారం కూత ఆపే బటన్ నొక్కి ఉండగా కరెంటు వస్తే. రాడ్డు వెలగదు. కూత రాదు.'

"అంటే వేడి ఎక్కువై కాదా?" అంది.

రెహమాన్ తల అడ్డంగా ఊపాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "విన్నప్పటి నుంచి కాలిపోయిందనే అనుకుంటున్నానమ్మా. నేనేసిన రిలే అతుక్కుపోయి కాల్చేసిందనుకున్నా. చలికి పోయిందా తల్లి." ఆ తర్వాత మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. తన తప్పు లేదని తెలిసినవాడు ఏడ్చే ఏడుపులా లేదది.

చిట్టిబాబు గొంతు సవరించుకున్నాడు. చెడ్డవాడు కాదు, తొందరలో ఉన్నవాడు. "అమ్మా, ముద్దాయి సొంతంగా రాసుకున్న పుస్తకం నేను కోర్టులో ఏం చూపించను? నంబరు నంబరే. ఆ బటన్ ఎవరు నొక్కి ఉంచారో చెప్పే మనిషి మాట రాతలో తీసుకురండి. మీ పెద్దాయన్ని ఇంటికి పంపిస్తా. నాలుగు దాటితే నా చేతుల్లో ఉండదు."

* * *

పదకొండూ ఇరవైకి నర్సింగ్ హోములో వార్మరు ఉన్న గది తలుపు తీసేసరికి కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఫణి కనిపించాడు. ఒకప్పుడు విజయవాడలో ఇద్దరిదీ ఒకటే డిటెక్టివ్ ఏజెన్సీ. ఇప్పుడు డాక్టర్ గారి తరఫున వచ్చాడు.

"రండి వల్లి గారూ. ఇంటర్ తప్పినవాళ్ళు కూడా సర్క్యూట్లు చదివే రోజులొచ్చాయన్నమాట."

"తప్పలేదండి, మానేశాను. మూడుసార్లు ఫీజు కట్టి తప్పింది మీరు."

ఫణి నవ్వి ఒక ముద్రించిన కాగితం చాచాడు. "నెట్లో దొరికింది. అదే కంపెనీ వార్మరు. చూడండి, సున్నా అయిదంటే రిలే అతుక్కుపోవడం. రిలే వేసిందెవరు? మీ ముసలాయన. నాలుగింటిదాకా ఇక్కడ కూర్చుని టీ తాగండి, ఏసీలో చల్లగా ఉంటుంది."

శ్రీవల్లి కాగితం మీది బొమ్మ చూసింది, మిషన్ చూసింది. "ఈ బొమ్మలో బటన్లెన్నండి?"

"ఆరు."

"ఇక్కడ నాలుగే ఉన్నాయి. ఇది దీని తరవాత వచ్చిన మిషన్ కాగితం. మిషన్ మారినప్పుడు నంబర్ల లెక్కా మారుతుంది."

"మారిందని ఎవరు చెప్పారు?"

"అదే చెబుతుంది," అంటూ స్విచ్ వేసింది.

ఎర్రటి అంకెలు రెండూ అన్ని గీతలతో వెలిగి ఎనభై ఎనిమిదయ్యాయి. తర్వాత రెండు సున్నాలు. పైన రాడ్డు మెల్లగా ఎరుపెక్కింది. నీలం గుడ్డ పరిచిన చిన్న పరుపు మీద ఆమె అరచెయ్యి పెట్టింది. వెచ్చదనం దిగింది. తెనాలిలో అమ్మ దగ్గర వదిలి వచ్చిన రెండేళ్ళ పిల్ల పొద్దున ఇంకా నిద్రలోనే ఉంది, వీపు ఇలాగే వెచ్చగా ఉంది. శ్రీవల్లి చెయ్యి వెనక్కి తీసుకుంది.

స్విచ్ ఆపింది. కూత ఆపే బటన్‌ను బొటనవేలితో నొక్కి పట్టుకుని మళ్ళీ వేసింది. ఎనభై ఎనిమిది. తర్వాత సున్నా అయిదు. రాడ్డు నల్లగానే ఉండిపోయింది. కూత లేదు. ఏసీ చప్పుడు తప్ప గదిలో మరేమీ వినిపించలేదు. వేలు తీసినా అంకె కదల్లేదు. ఆపి, ఏ బటనూ ముట్టకుండా వేసింది. మళ్ళీ రెండు సున్నాలు.

"రిలే పాడైతే నా వేలితో పనేముందండి? ఇంకోసారి చూస్తారా?"

ఫణి కాలు కిందికి దించాడు. మరోసారి చూడమనలేదు.

"ఆ మంగళవారం రెండూ పదికి కరెంటు పోయింది, రెండూ ముప్పై అయిదుకు వచ్చింది," అంది శ్రీవల్లి. "సబ్ స్టేషన్లో అడిగాను. కరెంటు వచ్చేటప్పటికి ఈ బటన్ లోపలికి నొక్కే ఉంది. రెండు గంటల అయిదు నిమిషాలు బిడ్డ వేడి లేకుండా ఏసీ కింద ఉంది. కూత కూడా రాలేదు."

అప్పుడే డాక్టర్ వేంకటసుబ్రహ్మణ్యం గుమ్మంలోకి వచ్చాడు. తెల్లబడ్డ జుట్టు, అలసిన మొహం. ఎవరూ అడక్కుండానే చెప్పాడు. "ఒకటిన్నరకు థియేటర్లోకి వెళ్ళానండి. అవతల కాన్పు ప్రాణం మీదికొచ్చింది. నాలుగూ ముప్పై అయిదుకు బయటికొచ్చాను. మధ్యలో ఈ గది మొహం చూడలేదు. ఉన్న ఒక్క సిస్టర్నీ ఒకటీ నలభైకి నా దగ్గరికే పిలిపించుకున్నాను." చెప్పి వెళ్ళిపోయాడు.

శ్రీవల్లి బటన్ దగ్గరికి వంగింది. అంచు చుట్టూ తెల్లటి జిగురు, దానికి అంటుకున్న దుమ్ము. గోటితో గీస్తే ఉండలు కట్టింది. మందుల ప్లాస్టర్ జిగురు. ఎవరో అంటించారు, ఎవరో పీకారు.

గోడకు తగిలించిన కేసు షీటు తీసి ఆ రోజు పేజీ చూసింది. పదకొండు గంటలకు: 'తల్లి ఎడమచేతి సెలైన్ సూదికి కొత్త ప్లాస్టర్.' నాలుగూ యాభైకి, బిడ్డ పోయిందని రాసిన పంక్తి కిందే: 'తల్లి సూదికి మళ్ళీ ప్లాస్టర్.' రోజంతా ఉండాల్సిన ప్లాస్టర్ ఆరు గంటలైనా ఉండలేదు.

* * *

సిస్టర్ శ్రావ్య మందుల గదిలో అట్టపెట్టెలు సర్దుతోంది. పాతికేళ్ళుంటాయి. శ్రీవల్లిని చూడగానే చేతులు ఆగిపోయాయి.

"బటన్ మీది ప్లాస్టర్ పీకింది నువ్వే కదమ్మా?"

"ఏ ప్లాస్టర్ మేడం?"

"బిడ్డ పోయిన పది నిమిషాలకే ఆ తల్లి చేతికి కొత్త ప్లాస్టర్ వేశావు. ఆ సమయంలో ఎవరైనా ప్లాస్టర్ గురించి ఆలోచిస్తారా? సూది ఊడి రక్తం కారుతుంటే తప్ప."

శ్రావ్య పెట్టె మీద కూలబడింది. "దుప్పటంతా రక్తం మేడం. చేతికి ప్లాస్టర్ లేదు. మిషన్ వైపు చూస్తే బటన్ మీద ఉంది. పీకి చెత్తడబ్బాలో వేశాను."

"అంటించింది ఎవరు?"

"నేను కాదు మేడం. నా కొడుకు మీద ఒట్టు. నేను థియేటర్‌కు వెళ్ళేటప్పుడు కూస్తూనే ఉంది. బిడ్డ పొట్ట మీది వేడి చూసే వైరు వదులైతే అలా కూస్తుంది. కూస్తే ఆ బటన్ నొక్కమ్మా అని ఆ తల్లి సలోమికి చెప్పి పరిగెత్తాను. కుట్లు నొప్పి, లేవలేక..." ఆగింది. "తనే అంటించి ఉంటుంది. ఆ పిల్లకు తెలిస్తే బతకదు మేడం. అందుకే చెప్పలేదు. ముసలాయనకు ఏదో జరిమానాతో పోతుందనుకున్నా. జైలు అంటారనుకోలేదు."

శ్రీవల్లి తిరిగి చూస్తే గుమ్మంలో ఫణి. చేతిలో కేసు షీటు.

"ప్లాస్టర్ సంగతి నేనూ చదివాను," అన్నాడు మెల్లగా. "బాగా పట్టారు. ఒప్పుకుంటున్నా. మీ మెకానిక్ బయటపడ్డాడు, మా డాక్టరూ బయటపడ్డాడు. తల్లి చేసుకున్నదానికి ఎవరేం చేస్తారు?"

"ఆవిడ బాలింత, ఫణి గారూ. బిడ్డ పోయి ఎనిమిది రోజులైంది."

"నాకూ కూతురుంది. ఏం చెయ్యమంటారు చెప్పండి, నాకు జీతమిచ్చేది వేరేవాళ్ళు." గడియారం చూసుకున్నాడు. "ఒకటిన్నర. కాగితం టైపు చేయించి, మార్కును వెంటబెట్టుకుని వెళ్తా. ఆవిడ సంతకం చాలు, ఎస్సైకి కావలసిన మనిషి దొరికినట్టే."

అతను వెళ్ళాక శ్రావ్య నీళ్ళు తాగబోయి గ్లాసు వదిలేసింది. శ్రీవల్లి ఆ గాజు ముక్కలు ఏరుతూ కాసేపు అక్కడే కూర్చుంది. తనే ఆ కేసు షీటు తీయకపోయి ఉంటే అన్న ఆలోచన ఆమెను వదల్లేదు. స్కూటర్ తీసేసరికి రెండు దాటింది.

* * *

పెనుమూడిలో సలోమి ఇల్లు రోడ్డు కింద పల్లంలో ఉంది. ఇరవై రెండేళ్ళ పిల్ల, నులక మంచం మీద గోడకానుకుని కూర్చుంది. పాలు ఆగడానికి గుండెల చుట్టూ గుడ్డ బిగించి కట్టారు. గుడ్డ తడిసి ఉంది.

"పోలీసువాళ్ళా అక్కా?"

"కాదమ్మా. ఆ మిషన్ బాగుచేసిన పెద్దాయన తరఫున వచ్చాను. లోపల పెట్టారు ఆయన్ని."

"ఆయనేం చేశాడు?" అంది సలోమి. తెలియక అడిగినట్టు లేదు. ఎనిమిది రోజులుగా అడగాలనుకున్న మాట ఇప్పటికి నోటికి వచ్చినట్టు ఉంది.

శ్రీవల్లి మంచం కింద నేల మీద కూర్చుంది. ప్లాస్టర్ మాట ఎత్తలేదు. "ఆ మధ్యాహ్నం నీకేం గుర్తుందో చెప్పు తల్లీ. నీకు తోచినట్టు."

"మా ఆయన ఇంజెక్షన్ కోసం బాపట్ల వెళ్ళాడు. అమ్మ అన్నం తేవడానికి ఇంటికొచ్చింది. కరెంటు పోయింది. పాప మీద నా చీర కొంగు కప్పాలని చూశా, లేవలేకపోయా. కరెంటొచ్చింది. మిషన్‌లో ఎర్ర అంకెలు వచ్చాయి. హమ్మయ్య అనుకున్నా." గుడ్డ కొస సర్దుకుంది. "అయిదు అని వచ్చింది అక్కా."

"ఊఁ."

"అయిదు నిమిషాల్లో వేడెక్కుద్దేమో అనుకున్నా. స్కానింగ్ దగ్గర మిషన్‌లో అలాగే అంకెలు తగ్గుతాయి. నాలుగవుద్ది, మూడవుద్ది అని చూస్తా పడుకున్నా. అయిదు అలాగే ఉంది. చూసి చూసి కళ్ళు మూతలు పడ్డాయి. ఇంతకీ అయిదంటే ఏంటక్కా?"

శ్రీవల్లి జవాబు వెతుక్కునేలోపే బయట కారు ఆగింది. చెప్పులు విడిచి మార్కు లోపలికి వచ్చాడు, వెనక ఫణి. మార్కు కళ్ళు వాచి ఉన్నాయి. భార్య పక్కన కూర్చుని నేల చూస్తూ మాట్లాడాడు.

"సలోమీ, అనవసరంగా ముసలాయన మీద కేసు పెట్టానే. ఈ సారు అంతా చెప్పాడు. నువ్వు సంతకం పెడితే ఆయన ఇంటికి పోతాడంట. తల్లివి కదా, నిన్నేమీ అనరంట."

ఫణి మంచం మీద కాగితం పరిచి పెన్ను తీశాడు. చదివి వినిపించాడు. "'అలారం మోగుతున్నందున నా చేతి ప్లాస్టర్ నేనే తీసి బటన్ మీద అంటించాను. ఎవరి తప్పూ లేదు.' అంతేనమ్మా. రెండు ముక్కలు."

సలోమి పెన్ను అందుకుంది. అంచనా వేస్తున్నట్టు కాగితం వైపు చూసింది.

"ప్లాస్టర్ నేను తియ్యలేదు కదండీ," అంది నెమ్మదిగా. "డాక్టర్ గారు తీశారు. సిస్టర్ వెళ్ళిన కాసేపటికి ఆకుపచ్చ బట్టలతోనే వచ్చారు. అవతల ఆపరేషన్ గదిలోకి ఈ కూత వినపడతా ఉందంట. నా చేతిది పీకి దానికి అంటించి, ఇంక నిద్రపోమ్మా, నీకు నిద్ర కావాలి అన్నారు. వైద్యమేమో అనుకున్నా." పెన్ను మూత తీసింది. "అయినా పెడతాలెండి సంతకం. చూస్తా చూస్తా పడుకున్నది నేనే కదా. నేను పెడితే ఆ పెద్దాయన ఇంటికి పోతాడుగా."

మార్కు తల ఎత్తాడు. ఫణి మొహంలో రంగు మారింది. అతనికీ ఈ సంగతి తెలియదని శ్రీవల్లికి ఆ క్షణంలో అర్థమైంది.

"ఆ మాట నేను వినలేదు," అన్నాడు ఫణి.

శ్రీవల్లి కాగితం మీద అరచెయ్యి ఆనించింది.

"వల్లి గారూ, ఆలోచించండి," ఫణి గొంతు తగ్గించాడు. "ఊళ్ళో నలభై ఏళ్ళుగా పురుళ్ళు పోస్తున్న డాక్టరు మీద ఈ పిల్ల నోటిమాట పట్టుకుపోతే చిట్టిబాబు ముట్టుకుంటాడా? విచారణ అంటాడు, వారం అంటాడు. ఈలోపు నాలుగవుతుంది. మీ ముసలాయన ఈ రాత్రి బాపట్ల జైల్లో ఉంటాడు, ఆ గుండెతో. ఇది సంతకమైతే ఇంట్లో ఉంటాడు. మీరు ఎవరి పని మీద వచ్చారు? మూడూ ఇరవై అయింది. చెయ్యి తియ్యండి."

"తియ్యక్కా," అంది సలోమి కూడా.

"అయిదంటే ఏంటని అడిగావు కదమ్మా," అంది శ్రీవల్లి. "ఎవరో నా నోరు నొక్కేశారు, అందుకే ఆగిపోయాను అని చెప్పడం. అంతే. నువ్వు మేలుకుని ఉన్నా అది ఎప్పటికీ నాలుగయ్యేది కాదు. ఇప్పుడు చెప్పినదంతా ఇంకోసారి చెప్పు. మార్కూ, నువ్వు విను. నేను రాస్తాను."

సలోమి పెన్ను మంచం మీద పెట్టేసింది. అప్పటిదాకా పొడిగా ఉన్న కళ్ళు నిండాయి. మార్కు ఆమె చెయ్యి పట్టుకున్నాడు, ప్లాస్టర్ పీకిన చోట ఇంకా నల్లగా కమిలి ఉన్న చెయ్యి.

శ్రీవల్లి ఫోన్ మోగింది. మున్నీసా. స్టేషన్ మెట్ల మీద నుంచే చేస్తోంది, వెనక జీపు ఇంజను చప్పుడు వినిపిస్తోంది.

"అమ్మా, జీపు తెచ్చి పెట్టారు. మనిషి దొరికారా?"

"దొరికారు మున్నీసమ్మా," అంది శ్రీవల్లి. "కానీ బాబాయ్‌ని ఈ సాయంత్రం తీసుకుపోతారు. జీపు ఆపే అబద్ధపు కాగితం నా చేతి కిందే ఉంది. నేనే ఆపడం లేదు."